శ్రమ సప్లయి లెక్కలు: ఎవరి కూలి, ఎవరి అంచనా?

కూలి పెంచితే కూలోళ్ళు పనికి రారనే మాట ఊళ్ళో అరుగు మీద ఒక రకంగా, యూనివర్సిటీ క్లాసులో ఇంకో రకంగా వినబడుతుంది. అరుగు మీద దాన్ని ఒళ్ళు బలుపు అంటారు. క్లాసులో బోర్డు మీద వెనక్కి వంగిన సప్లయి రేఖ గీసి చూపిస్తారు. రేఖ గీసినాయనకి అరుగు మీది పెద్దమనిషితో చుట్టరికం లేకపోవచ్చు. సారం మాత్రం ఒకటే: కూలి పెంచి ప్రయోజనం లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధర ఒక్కటే లేదు, పెరిగిన కూలి ఖర్చు, ఉపాధి హామీ పథకం కూడా వున్నాయి. కూలి పెరిగితే మనిషి ఎంత ఎక్కువ పని చేస్తుంది, ఎంత మానేస్తుంది అన్నది అప్పుడు లెక్కల పుస్తకం దాటి జీతగాళ్ళ, కూలీల పొట్ట మీదికొచ్చింది. దళిత అధ్యయనాల పత్రికలో ఎకనామెట్రిక్స్ గోల ఏమిటని అడిగే మిత్రులకి మా జవాబు ఇదే. ఈ లెక్క ఎట్లా కడతారో తెలియకపోతే ఎదుటివాడు చెప్పిన అంకె ఒప్పుకోవాల్సి వస్తుంది.

మన దగ్గర ఎమ్.ఏ. విద్యార్థులు చదివే వూల్‌డ్రిడ్జ్ పాఠ్యపుస్తకంలో ఒక ఉదాహరణ వుంది. అమెరికాలో పెళ్ళయి ఉద్యోగం చేస్తున్న 428 మంది స్త్రీలు, 1975 సంవత్సరం నాటి వివరాలు. గంట కూలి పెరిగితే ఏడాదిలో పనిగంటలు ఎంత పెరుగుతాయని ప్రశ్న. మామూలు లీస్ట్ స్క్వేర్స్, అంటే ఓ.ఎల్.ఎస్. పద్ధతిలో కడితే కూలి (లాగరిథమ్‌లో) పక్కన వచ్చే గుణకం మైనస్ 2.05. దాని ప్రామాణిక దోషం 54.88, కాబట్టి సున్నా అన్నట్టే. ఇన్‌స్ట్రుమెంట్ వాడి టూ స్టేజ్ లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో కడితే అదే గుణకం 1,640 దగ్గరికి వెళ్తుంది. కూలి 10 శాతం పెరిగితే ఏడాదికి సుమారు 164 గంటల పని పెరుగుతుందని దాని అర్థం. ఆ స్త్రీల సగటు పని ఏడాదికి 1,303 గంటలు గనక వ్యాకోచత్వం సుమారు 1.26. అవే 428 మంది, అదే సంవత్సరం. ఒక పద్ధతి కూలికీ పనికీ సంబంధమే లేదంది, ఇంకోటి కూలిని మించి పని పెరుగుతుందంది.

మొదటి అంకె ఎందుకు చెడిందో ముందు చూద్దాం. ఈ లెక్కలో వాడే గంట కూలి నేరుగా అడిగి రాసుకున్నది కాదు. ఏడాది సంపాదనని పనిగంటలతో భాగిస్తారు. ఒకామె నిజంగా 200 రోజులు పనికెళ్ళి 40,000 రూపాయలు సంపాదించిందనుకుందాం. రోజు కూలి 200. సర్వే మనిషి అడిగితే జ్ఞాపకం మీద 250 రోజులంటే కూలి 160కి పడిపోతుంది. 160 రోజులంటే 250కి పెరుగుతుంది. అంటే రోజులు ఎక్కువ చెప్పినామెకి కూలి తక్కువగా, తక్కువ చెప్పినామెకి ఎక్కువగా కనబడుతుంది. ఎక్కువ కూలి వున్నవాళ్ళు తక్కువ పని చేస్తారనే అబద్ధం మనుషుల ప్రవర్తనలోంచి కాదు, భాగహారంలోంచి పుట్టింది. దీన్ని డివిజన్ బయస్ అంటారు. బోర్జాస్ 1980లోనే దీని మీద రాశాడు. ఒళ్ళు బలుపు సిద్ధాంతానికి లెక్కల్లో దొరికే ఆధారంలో కొంత ఈ సరుకే కావచ్చు. అంకెలన్నీ పాలకవర్గాల కుట్రే, మనకి వాటితో పనిలేదు అనే మన సోదరులు ఇది గమనించాలి. ఈ తప్పు పట్టింది కూడా లెక్కే.

దీనికి మందుగా వచ్చింది ఇన్‌స్ట్రుమెంట్. తెలుగులో సాధన చలరాశి అనొచ్చు గానీ క్లాసులో ఎవరూ అట్లా అనరు, మేమూ అనం. కూలిని కదిలించే బయటి వస్తువు ఒకటి కావాలి. అది పనిగంటల్ని కూలి ద్వారానే తాకాలి, దొడ్డిదారి వుండకూడదు. ఆ వస్తువు కదిలినప్పుడు కూలి ఎంత కదిలింది, దాని వెంట పని ఎంత కదిలింది అని చూస్తారు. ఇన్‌స్ట్రుమెంట్ కూలిని గట్టిగా కదిలించాలనేది ఒక షరతు, దొడ్డిదారి వుండకూడదనేది ఇంకో షరతు. మొదటిదాన్ని డేటాలో పరీక్షించుకోవచ్చు. రెండోది చాలావరకు నమ్మకం మీద నడుస్తుంది, అందుకే వాదన దాని మీదే జరగాలి.

పుస్తకంలో వాడిన ఇన్‌స్ట్రుమెంట్ ఆమె ఇంతకుముందు ఉద్యోగం చేసిన సంవత్సరాలు, అంటే అనుభవం. అనుభవం వుంటే జీతం పెరుగుతుంది సరే. కానీ పని మీద ఇష్టం, ఇంట్లో ఒప్పుకోలు, వంచలేని అవసరం - వీటివల్ల ఇన్నేళ్ళు పని చేసినామె ఈ ఏడాదీ ఎక్కువ పని చేస్తుంది. దొడ్డిదారి తలుపు తీసే వుంది. ఈ డేటానే తీసుకుని థామస్ మ్రోజ్ 1987లో ఎకనామెట్రికాలో పెద్ద పరిశీలన రాశాడు. ఒక్కొక్క ఊహనీ మార్చి మార్చి, ఇన్‌స్ట్రుమెంట్లు తీసి పెట్టి, అంచనాలు ఎట్లా ఊగుతాయో చూపించాడు. అనుభవాన్ని నిర్దోషిగా ఒప్పుకుంటేనే కూలి ప్రభావం అంత పెద్దగా వస్తుందని, ఆ ఊహ వదిలితే ప్రభావం చిన్నదైపోతుందని తేల్చాడు. నిజాయితీ గల పని. అంచనాల్ని పోల్చడమంటే ఎట్లా వుండాలో నేర్చుకోవాలంటే మా జూనియర్లకి ఇప్పటికీ ఆ వ్యాసమే చూపిస్తాం.

అయితే ఆ వ్యాసం ఊగించని ఊహ ఒకటుంది. శాంపిల్లో 753 మంది స్త్రీలు, 30 నుంచి 60 ఏళ్ళ వాళ్ళు, వాళ్ళలో 428 మంది ఆ ఏడాది పని చేశారు. 753 మందీ తెల్లవాళ్ళు. మిషిగన్ యూనివర్సిటీ 1968లో మొదలుపెట్టిన ఆ సర్వేలో నల్లవాళ్ళు లేరా అంటే, లేకపోవడం కాదు, పేద కుటుంబాల్ని కావాలని ఎక్కువ సంఖ్యలో చేర్చిన సర్వే అది. నల్లజాతి కుటుంబాలు చాలానే వున్నాయి. పెళ్ళయ్యాక కూడా బయట పనికెళ్ళడం తెల్ల స్త్రీల కన్నా నల్ల స్త్రీలలో ఎక్కువని అమెరికా చరిత్ర చెబుతుంది. అంటే శ్రమ గురించి ఎక్కువ చెప్పగలిగిన వాళ్ళని పక్కనబెట్టి శ్రమ సప్లయి లెక్క కట్టారు. తర్వాత ఆ డేటా పాఠ్యపుస్తకాల్లోకెక్కి ప్రపంచమంతా తిరిగింది. వ్యాసంలో 'తెల్ల' అన్న మాట వుంది. క్లాసులో ఆ మాట ఎక్కడో జారిపోయి 'పెళ్ళయిన స్త్రీల శ్రమ సప్లయి' మాత్రమే మిగిలింది. మన దేశంలో ఏ క్లాసులోనైనా ఆ ఉదాహరణ చెప్పేటప్పుడు వీళ్ళెవరని అడిగే విద్యార్థి ఒకరైనా వుండాలని మా కోరిక.

మరి ఆ పద్ధతినే తెచ్చి మన వాడల్లో పెడితే? కలుపుకెళ్ళే మాదిగ స్త్రీకి అనుభవం ఇన్‌స్ట్రుమెంట్‌గా పెట్టండి. పదేళ్ళప్పుడు తల్లి వెంట చేలోకి దిగిన మనిషికి యాభై ఏళ్ళకి నలభై ఏళ్ళ అనుభవం. పక్క సాలులో వున్న ఇరవై ఏళ్ళ పిల్ల కూలి ఎంతో ఆమె కూలీ అంతే. గుత్తకి పట్టుకుంటే ముఠా మొత్తానికి ఒకటే రేటు, పంచుకుంటారు. నలభై ఏళ్ళ నేర్పుకి ఒక్క రూపాయి ఇంక్రిమెంటు లేదు. మా తల్లుల నేర్పుని నేర్పుగా లెక్కించని వ్యవస్థలో అనుభవం కూలిని కదిలించదు. కాబట్టి ఇన్‌స్ట్రుమెంట్ చచ్చుబడిపోతుంది. ఎకనామెట్రిక్స్ భాషలో దాన్ని బలహీన ఇన్‌స్ట్రుమెంట్ అంటారు. సాంకేతిక లోపం అని ఫుట్‌నోట్‌లో రాస్తారు. మేమైతే అది లోపం కాదు, అదే అసలు ఫలితం అంటాం. తండ్రి చదువు సంగతీ ఇంతే. చదువుకి ఎంత జీతం వస్తుందనే లెక్కలో అదే పుస్తకం తండ్రి చదువుని ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడి చూపిస్తుంది (ఇన్‌స్ట్రుమెంట్లన్నీ అంత తేలిగ్గా ఒప్పుకోవద్దని పుస్తకమూ అంటుంది). మా ఇళ్ళల్లో ఆ గడిలో సున్నా తప్ప ఇంకో అంకె పడదు. అందరికీ సున్నా అయిన చోట కదలికేదీ వుండదు. అది సున్నా కాని ఇళ్ళల్లో చదువుతో పాటు కులమూ, పలుకుబడీ, ఉద్యోగం ఇప్పించే మేనమామా వస్తారు.

బలహీన ఇన్‌స్ట్రుమెంట్ దగ్గరే అంచనా పద్ధతుల అసలు గుణం బయటపడుతుంది. టూ స్టేజ్ పద్ధతి ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైన కొద్దీ ఓ.ఎల్.ఎస్. వైపే జారుతుంది. ఏ తప్పు నుంచి పారిపోయామో దాని ఒళ్ళోకే చేరుస్తుంది. బౌండ్, జేగర్, బేకర్ 1995లో ఇది కళ్ళకి కట్టించారు. లక్షల మంది డేటాలో నిజం ఇన్‌స్ట్రుమెంట్ తీసేసి లాటరీ అంకెలు పెట్టినా చూడటానికి నమ్మదగినట్టుండే ఫలితమే వచ్చింది. లిమిటెడ్ ఇన్ఫర్మేషన్ మాగ్జిమమ్ లైక్లీహుడ్ (ఎల్.ఐ.ఎమ్.ఎల్. అంటారు) ఆ జారుడు చాలావరకు ఆపుతుంది గానీ ఒక్కోసారి అంకె ఎక్కడికో ఎగిరిపోతుంది. మొదటి దశ ఎఫ్ విలువ 10 దాటితే చాలనే సూత్రం చాలాకాలం నడిచింది. మామూలు టీ-పరీక్షని అట్లాగే నమ్మాలంటే ఎఫ్ 104.7 వుండాలని 2022లో లీ, మెక్‌క్రేరీ, మోరేరా, పోర్టర్ చూపించాక ఆ ధీమా సడలింది. శ్రమ సప్లయి మీదే పనిచేసిన కీన్, నీల్ ఇంకో చిక్కు బయటపెట్టారు. టూ స్టేజ్ అంచనా ఓ.ఎల్.ఎస్.కి దగ్గరగా వచ్చినప్పుడు దాని ప్రామాణిక దోషం దొంగగా చిన్నదవుతుంది. దూరంగా వెళ్ళినప్పుడు పెద్దదవుతుంది. పంచాయితీలో పాతమాటకి తలూపే సాక్షిని ఖచ్చితమైన మనిషి అనీ, ఎదురు చెప్పేవాణ్ణి తడబడుతున్నాడు అనీ అన్నట్టు. అందుకే వాళ్ళు టీ-పరీక్ష బదులు 1949 నాటి ఆండర్సన్-రూబిన్ పరీక్ష వాడమంటారు. అది ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైతే అబద్ధపు నిశ్చయం ఇవ్వదు, హద్దులు వెడల్పుగా చూపించి తెలియదనే చెబుతుంది. మా ఓటు దానికే.

ఇన్‌స్ట్రుమెంట్ బలంగా వుంటే మాత్రం చిక్కు తీరిపోతుందా? ఆంగ్రిస్ట్, ఇవాన్స్ 1998లో అమెరికా జనాభా లెక్కల్లోంచి ఇంకో ప్రశ్న అడిగారు: మూడో బిడ్డ పుడితే తల్లి పని ఎంత తగ్గుతుంది? మొదటి ఇద్దరూ ఆడపిల్లలో, ఇద్దరూ మగపిల్లలో అయితే అక్కడి తల్లిదండ్రులు మూడో బిడ్డకి వెళ్ళే అవకాశం 6, 7 శాతం పాయింట్లు ఎక్కువ. అదొక ఇన్‌స్ట్రుమెంట్. రెండో కాన్పులో కవలలు పుట్టడం ఇంకోటి. 1980 లెక్కల ప్రకారం పెళ్ళయిన స్త్రీలలో పనికెళ్ళడం ఓ.ఎల్.ఎస్.లో సుమారు 17 పాయింట్లు తగ్గితే, ఒకే లింగం ఇన్‌స్ట్రుమెంట్‌తో సుమారు 12 తగ్గింది. కవలలతో ఇంకా తక్కువ. ఇందులో ఏది నిజం? రెండు ఇన్‌స్ట్రుమెంట్లూ నిజమే కావచ్చు, రెండూ వేరు కావచ్చు. ఇంబెన్స్, ఆంగ్రిస్ట్ 1994లో చెప్పిన విషయం ఇదే, 2021 నోబెల్ వాళ్ళకి అందులోంచే వచ్చింది. ఇన్‌స్ట్రుమెంట్ అందరి గురించీ చెప్పదు. అది కదిలిస్తే కదిలిన వాళ్ళ గురించే చెబుతుంది. ఒకే లింగం పిల్లలున్నా మూడో బిడ్డ వద్దనుకున్న తల్లి ఆ అంకెలో లేదు. ఎట్లాగైనా ముగ్గుర్ని కనే తల్లీ లేదు. కవలలు పుడితే మాత్రం ఏ తల్లికీ వద్దనే వీల్లేదు. ఆ అంకె వేరే జనానిది.

మా వాదన అంతా ఇక్కడే వుంది. శ్రమ సప్లయి పత్రాల్లో అంచనాల్ని పక్కపక్క గళ్ళల్లో పెట్టి దేనికి ప్రామాణిక దోషం తక్కువ, దేనికి ఎఫ్ ఎక్కువ అని పోలుస్తారు. పోల్చాల్సింది ముందు జనాన్ని. ఈ గడిలో కదిలినవాళ్ళెవరు, ఆ గడిలో కదిలినవాళ్ళెవరు? ఏ ఊతమిచ్చినా కదలలేని వాళ్ళెవరు? కదలడానికి కాస్త జాగా వున్నవాళ్ళే ఈ అంకెల్లోకి వస్తారు. పస్తుకి భయపడి ఏ కూలికైనా వెళ్ళేవాళ్ళు, ఎంతిస్తామన్నా వెళ్ళనివ్వని ఇళ్ళ ఆడవాళ్ళు, ఇద్దరూ అంకె బయటే. అగ్రకులాల ఇళ్ళల్లో ఆడవాళ్ళు బయట పనికెళ్ళకపోవడమే హోదా అని ఈశ్వరన్, రామస్వామి, వాధ్వా 2013లో గ్రామీణ భారతం మీద రాశారు. ఒక ఇంటి హోదా, ఇంకో ఇంటి ఆకలి రెంటినీ కలిపి 'భారత స్త్రీల వ్యాకోచత్వం' అని ఒక్క అంకె వేస్తే అది ఎవరిదీ కాదు. ఒకే లింగం ఇన్‌స్ట్రుమెంట్‌ని ఇక్కడికి తేవాలనుకునే వాళ్ళకి ఇంకో మాట. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు మన దగ్గర ఒకే సంగతి కాదు. పిండం ఆడో మగో చెప్పకూడదని 1994లో చట్టం చెయ్యాల్సి వచ్చిన దేశంలో ఆ పుట్టుకని లాటరీ అనలేం.

మన దేశానికి బాగా ఒదిగిన ఇన్‌స్ట్రుమెంట్ వాన. సీమ జయచంద్రన్ 2006లో ప్రచురించిన పరిశోధన 257 జిల్లాలు, 1956 నుంచి 1987 దాకా వివరాలు తీసుకుంది. వానని పంట దిగుబడికి ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడింది. కరువులో కూలి రేట్లు ఎంత పడిపోతాయని ప్రశ్న. జనం పేదలుగా వున్నచోట, బ్యాంకులు తక్కువున్నచోట, వలస పోవడం కష్టమైనచోట రేటు ఎక్కువ పడిపోయింది. కారణం సులువు. అప్పు పుట్టనివాడు, కదలలేనివాడు రేటు తగ్గినా పని మానలేడు, అందరూ అదే పనికి ఎగబడతారు. కూలి మారినా పని మారకపోవడాన్ని పాఠ్యపుస్తకం తక్కువ వ్యాకోచత్వం అంటుంది. దాన్నే మనం గత్యంతరం లేకపోవడం అంటాం. ఈ హెచ్చుతగ్గులు కూలీల్ని ముంచి భూమి వున్నవాళ్ళకి బీమాలాగా పనిచేస్తాయని కూడా ఆ పరిశోధన అంటుంది. మేం చదివిన శ్రమ సప్లయి పత్రాల్లో మా ఊరి కరువు కాలాన్ని ఇంత సూటిగా చెప్పింది ఇంకోటి లేదు. వానకీ హద్దులున్నాయి. కాలవ కింద స్థానిక వాన పంటని పెద్దగా కదిలించదు. ఆనకట్టల కింది జిల్లాల్లో వాన ఆదాయాన్ని కదిలించకపోయినా అల్లర్లతో దాని సంబంధం పోలేదని సార్సన్స్ 2015లో చూపించింది. అంటే అక్కడ దొడ్డిదారి వుందన్నమాట.

ఇక్రిశాట్ వాళ్ళు మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లిలో ఇంటింటి వివరాలు రాయడం మొదలుపెట్టింది కూడా ఆ 428 మంది సంవత్సరమే, 1975. ఆ డేటా మీద స్కూఫియాస్ 1994లో నీడ కూలి పద్ధతిలో శ్రమ సప్లయి కట్టాడు. సొంత చేలో ఇంకో గంట పని చేస్తే ఎంత పండుతుందో అదే ఆ మనిషి కూలి అనే పద్ధతి అది. తెలివైన పద్ధతే, కానీ దానికి సొంత సేద్యం వుండాలి. చేను లేని ఇంటికి నీడ కూడా లేదు.

ఇన్‌స్ట్రుమెంట్ గొడవే లేకుండా కూలిని లాటరీ వేసి పంచితే? జెస్సికా గోల్డ్‌బర్గ్ ఆఫ్రికాలోని మలావీ పల్లెల్లో అదే చేసింది, 2016లో అచ్చయింది. వ్యాకోచత్వం 0.15 నుంచి 0.17. ప్లస్సే, చిన్నదే. కూలి పెంచితే మానేస్తారన్న మాట అక్కడ నిలబడలేదు. మన పక్క ఒడిశాలో సువానా ఓ చేసిన ప్రయోగం (2023) ఇంకా లోతుకి వెళ్ళింది. రోజు కూలీలకి మామూలు పనితో పాటు కొన్ని నిమిషాల చిన్న పని జతచేసి ఇచ్చింది. ఆ చిన్న పని తమకన్నా కింద అనుకునే కులానిదైతే ఒప్పుకోవడం 47 పాయింట్లు తగ్గిపోయింది. ఎవరూ చూడరన్నా మార్పు లేదు. ఇంకో ప్రయోగంలో పది నిమిషాల పనికి పది రోజుల కూలి ఇస్తామన్నా 43 శాతం మంది వద్దన్నారు. కులం విభజించేది పనినే కాదు పనిచేసేవాళ్ళని అని 1936లో అంబేద్కర్ వాదించాడు. కొలంబియాలో, లండన్‌లో ఎకనామిక్స్ చదివిన మనిషి ఆ మాట అన్నాక 87 ఏళ్ళకి దానికి సంఖ్య దొరికింది. కూలి పక్కన ఒకే గుణకం పెట్టే సమీకరణంలో దీనికి చోటు లేదు.

సున్నా గంటల సంగతి ఒకటి మిగిలింది. 753 మందిలో పని చెయ్యని 325 మంది గురించి చాలా సాంకేతిక చర్చ జరిగింది, వాళ్ళకి రావాల్సిన కూలిని ఎట్లా ఊహించాలని. మన దగ్గర సున్నాలు అన్నీ ఒక జాతి కావు. 1991 ఆగస్టు 6న చుండూరులో హత్యాకాండ జరగడానికి ముందు దళితుల్ని పనులకి పిలవకుండా సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆ రోజుల్లో ఎవరైనా సర్వేకి వెళ్ళి వుంటే ఆ ఇళ్ళ ఎదురుగా పనిగంటలు సున్నా అని రాసేవాళ్ళు. సప్లయి సున్నా అని దాన్ని చదవడం అన్యాయం. చావు డప్పు కొట్టం, చచ్చిన గొడ్డుని మొయ్యం అని మా వాళ్ళు తిరగబడినప్పుడు వచ్చే సున్నా మళ్ళీ వేరు. అది సప్లయి సున్నానే, కానీ కూలితో దానికి సంబంధం లేదు.

మేం అడుగుతున్నది పెద్దదేమీ కాదు. మొదటి దశ ఫలితాన్ని కులం వారీగా, భూమి వున్న ఇళ్ళు లేని ఇళ్ళ వారీగా విడగొట్టి అచ్చెయ్యడానికి అర పేజీ చాలు. 2017-18లో మొదలైన పీ.ఎల్.ఎఫ్.ఎస్. ముడి డేటాలో సామాజిక వర్గం గడి వుంది. చిక్కల్లా ఎస్సీ అనే ఒక్క గడిలో మాల, మాదిగ, రెల్లి అందర్నీ కుక్కడమే. మాదిగ స్త్రీలకి ఏ ఇన్‌స్ట్రుమెంట్ ఎంత కదలిక తెస్తుందో అందులోంచి తీయలేం. దానికి విద్యార్థులూ కార్యకర్తలూ కలిసి ఊళ్ళల్లో సొంతంగా వివరాలు రాసుకోవాలి. ఆ ప్రశ్నావళిలో 'ఎన్ని రోజులు పని చేశారు' తర్వాత ఇంకో ప్రశ్న చేర్చాలి: పనికెళ్ళని రోజుల్లో పని లేక ఎన్ని, పిలవక ఎన్ని, మీరు రామన్నవి ఎన్ని?